పరాయి చేతి కుట్టు

ఉతికిన చొక్కా దులిపి తీగ మీద వేయబోతూ, మూడో బొత్తాం దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఇరవై ఏళ్ళుగా కుట్టుమిషనే ఆమె బతుకు. తన కుట్టు తనకి తెలీకపోతుందా? బొత్తానికి ఆమె ఎప్పుడూ రెండు వరసలు పక్కపక్కనే వేస్తుంది. ఇది ఇంటూ గుర్తులా ఉంది. దారం తెలుపు కూడా కాదు, మీగడ రంగు.

"ఈ బొత్తాం ఎక్కడ ఊడిందండీ?" తేలిగ్గానే అడిగింది.

భర్త పేపర్లోంచి తలెత్తలేదు. "ఏ బొత్తాం?"

"మూడోది."

"ఊడలేదే!"

ఆమె చొక్కా తీగ మీద వేసేసింది.

పెళ్ళయి మూడేళ్ళు. ముప్ఫై ఎనిమిదేళ్ళొచ్చి, ఇక ఆ ఊసే మరిచిపోయాక కుదిరిన సంబంధం. ఒకప్పుడు బస్సు నడిపేవాణ్ణని, కళ్ళు సరిగ్గా ఆనక డిపో ఆఫీసులో కూర్చుంటున్నానని మొదటే చెప్పాడు. ఆ ఆనని కళ్ళతోనే ఆమె సూదుల్లోకి ఒక్క గురికి దారం ఎక్కించేవాడు. అప్పట్లో ముచ్చటపడింది. ఇప్పుడు ఆ కళ్ళ మాట కూడా అబద్ధమే అనిపించింది.

వెతకడం మొదలుపెట్టింది. ప్యాంటు జేబులో చిన్న జడక్లిప్పు దొరికింది. సంచి అడుగున, ఏడెనిమిదేళ్ళ పిల్ల పాదం కొలత గీసిన కాగితం. గురువారం గురువారం అదనపు డ్యూటీ అంటాడు కదా అని డిపోకి ఫోను చేస్తే, "గురువారం ఆయనకి సెలవండీ" అన్నారు.

అక్కకి చెప్పుకుంది.

"పిల్ల కూడానా! ఇంకా చూస్తావేంటే, వెళ్ళి జుట్టు పట్టుకో."

"ఎవరిది?"

"ముందు ఆవిడది, తర్వాత మీ ఆయనది."

"ఆయనకి జుట్టెక్కడుందక్కా," అని నవ్వబోయి, వెక్కివెక్కి ఏడ్చేసింది.

గురువారం పొద్దున్నే అతని వెనకాలే బయల్దేరింది. జేబులో బస్సు పాసు పెట్టుకుని ముప్పావుగంట నడిచాడతను. సందు చివర రేకుల ఇల్లు. నిచ్చెనేసుకుని పైకెక్కి, చిల్లు పడ్డ రేకు మార్చాడు. కింద ఒకావిడ మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడింది. పని కాగానే పిల్ల వచ్చి అతని వేలు పట్టుకుంది. ఇద్దరూ బడి వైపు వెళ్ళిపోయారు.

ఆమె వెళ్ళి తలుపు కొట్టింది.

"ఆ పిల్లకి తండ్రెవరు?"

తలుపు తీసినావిడ కోప్పడలేదు. ఒక్క క్షణం ఆమెనే చూసి, పక్కకి తప్పుకుని గోడ మీది ఫోటో చూపించింది. అందులో ముప్ఫై ఏళ్ళతను పకపకా నవ్వుతున్నాడు.

"ఈయన. పోయి అయిదేళ్ళయింది. నువ్వు ఇప్పుడు పిల్లతో వెళ్ళినాయన ఇంటావిడవి కదూ? లోపలికి రా అక్కా."

"మా ఆయన మీకేమవుతారు?"

"మా ఆయనకి స్నేహితుణ్ణని చెప్పి వచ్చారు. ఇంటికేం కావాలన్నా చూస్తారు, పిల్లని బడిలో దింపుతారు. గుక్కెడు మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టరు. మొన్న నిచ్చెన తగిలి బొత్తాం ఊడితే, వద్దంటున్నా నేనే కుట్టిచ్చాను. ఇన్నేళ్ళలో నా మొహంలోకి ఒక్కసారి కూడా చూడలేదు."

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. వెంటనే సిగ్గుతో చచ్చిపోయింది. "ఎంత పాడు మాట అనుకున్నాను! అంత ప్రాణస్నేహితుడి సంగతి నాకెందుకు దాచారో. నేనేమన్నా కాదంటానా?"

ఆవిడ ఫోటో మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

"నేనిలా వచ్చానని ఆయనతో అనకమ్మా. మనసు కష్టపెట్టుకుంటారు," అంది ఆమె లేస్తూ.

"అననక్కా. నువ్వూ నాకో మాటివ్వాలి." ఆవిడ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. కళ్ళు నిండినా గొంతు మాత్రం నిదానంగానే ఉంది.

"మా ఆయన్ని చంపిన బస్సు నడిపింది మీ ఆయనేనని నాకు తెలుసని, ఆయనకి ఎప్పుడూ చెప్పకు."