ఖాళీ పళ్ళెం

ఆ రోజు ఇంట్లో ఐదుగురున్నారు. ఐదుగురూ తాత గదిలోనే ఉన్నారు. మంచం మీద హెబ్రోను తాత, పొద్దున్నే కావలి నుంచి వచ్చిన ఆయన కూతురు జయశీల, నిమిషానికోసారి వంటింటికి పోయి వస్తున్న కోడలు లిల్లీ, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని రక్తపరీక్ష కాగితాలు వెతుకుతున్న నర్సు వాణి, గోడకు అతుక్కుపోయిన మనవరాలు ఫేబీ.

కొత్తవాళ్ళ ముందు చేతులు చున్నీలో చుట్టుకోవడం ఫేబీకి అలవాటు. ఆ రోజు ఇంకా గట్టిగా చుట్టుకుంది. కాగితం చప్పుడైనప్పుడల్లా ఉలిక్కిపడుతోంది.

"చెప్పమ్మా, మా నాయన రక్తం ఎట్టుండాది?" జయశీల ఆగలేకపోయింది.

వాణి కాగితం చూసింది. తాతను చూసింది. మళ్ళీ కాగితం చూసింది. "ఆర్నెల్ల కింద ఎట్టుందో ఇప్పుడూ అట్టే ఉందక్కా."

ఆరు నెలల కిందట తాతకు గుండెపోటు వచ్చింది. ఆ తర్వాత మెడికల్ కాలేజీ సర్వే వాళ్ళు మైపాడు చుట్టుపక్కల చాలామంది రక్తం తీసుకుపోయారు. కూరగాయల్లో, పళ్ళలో దొరికే యాంటీ ఆక్సిడెంట్లు తాత రక్తంలో బాగా తక్కువని తేలింది. అవి తక్కువున్న వాళ్ళలోనే గుండె జబ్బులు ఎక్కువగా కనిపిస్తున్నాయనీ, మాత్రలతో పాటు రోజూ బొప్పాయి, క్యారెట్, ఆకుకూర తినాలనీ చెప్పి పోయారు.

ఆనాటి నుంచి లిల్లీ రెండు పూటలా పళ్ళెం సర్దేది. ఫేబీ దాన్ని తాత గదికి తీసుకుపోయేది. ఎవరేం చెప్పినా కాదనలేని పిల్ల. కాసేపటికి ఖాళీ పళ్ళెం తెచ్చి కడిగి బోర్లించేది.

"రోజూ తింటే రక్తంలో కనపడాల గదా," అంటూ వాణి తాత అరచేయి తిప్పి చూసింది. "అంతంత క్యారెట్, బొప్పాయి తినేవాళ్ళకు చేతులు కూడా ఆ రంగుకే తిరుగుతాయి. నీకు ఆ ఛాయే లేదే తాతా!"

"యాభై ఏళ్ళు వల లాగిన చెయ్యి. దానికి ఇంగే రంగు ఎక్కుతాది?" తాత గొణిగాడు. "మేకల మేత తెచ్చి పెట్టి, మళ్ళా రంగు రాలేదంటారు!"

"ఇంతకీ తిన్నావా లేదా నాయనా?"

తాత గోడ వైపు తిరిగాడు. "పళ్ళెం ఖాళీ అయింది గదా."

జయశీల చూపు లిల్లీ మీదికి మళ్ళింది.

"ఏం లిల్లీ, నిజంగా పెట్టినావా? పెట్టినానని చెప్పుకున్నావా?"

"ప్రభువు సాక్షి వదినా! మన బొప్పాయి చెట్టు కాయలు చాలక ఇందుకూరుపేట పోయి మరీ కొనుక్కొచ్చినా."

"మరి అయ్యన్నీ యాడికి పోయినాయి? మీ అమ్మగారింటికా?"

లిల్లీ తల అడ్డంగా ఊపింది.

"ఇంకోసారి గుండెపోటొస్తే మనిషి మిగులుతాడా?" జయశీల తాత పంచెలు సంచిలో కుక్కసాగింది. "లెయ్ నాయనా, కావలికి పోదాం. ఈమె చేతి కూడు ఇంగ నీకొద్దు."

"అత్తా..." ఫేబీ గోడ వదిలి ఒక అడుగు ముందుకేసింది. "అమ్మ పెట్టింది. రోజూ పెట్టింది."

"అమ్మకు వంత పాడబాక! పెద్దోళ్ళ మధ్యలో నీకేం పని?"

"అది కాదత్తా, తాత..."

తాత గట్టిగా దగ్గాడు. ఫేబీ ఆగిపోయింది.

జయశీల ఆమె భుజం పట్టి గడప దాటించి, ముఖం మీదే తలుపు వేసింది.

లోపల అమ్మ ఏడుపు మొదలైంది. ఫేబీ చున్నీలోంచి చేతులు తీసి తలుపు తట్టబోయింది.

ఆ అరచేతులు రెండూ పండిన బొప్పాయి రంగులో ఉన్నాయి.