సన్నధార

బైపాస్ పడ్డాక పాత బజారు వీధిలో మనుషులున్న ఇల్లు ఒక్కటే మిగిలింది. ఆ ఇంట్లో ఒంటరిగా ఉండే రిటైర్డ్ టీచరమ్మ ప్రతి సోమవారం మునిసిపాలిటీకి ఫోన్ చేసి, కుళాయి సన్నగా వస్తోందని ఫిర్యాదు చేసేది.

ఊరికి నీళ్లు వదిలే వాల్వు మనిషి సైకిలేసుకుని వచ్చి, వీధి మొదట్లోని వాల్వు వదులు చేసి, ఆమె గుమ్మం ఎక్కేవాడు.

"వచ్చావా మహానుభావా! గొంతు తడవకుండా చంపుదామనా?" అంటూ ఆమె దులిపేసేది. అతను అరుగు మీద చతికిలబడి తాపీగా తిట్లు తినేవాడు. కోపం దిగాక టీ వచ్చేది. బజారులో ఒకప్పుడు ఏ కొట్టు ఎక్కడుండేదో కబుర్లు వచ్చేవి. వారం మొత్తంలో అతన్ని కూర్చోమనే ఇల్లు అదొక్కటే.

ఈ సోమవారం ఫోన్ రాలేదు. సాయంత్రం దాకా చూసి, ఇక ఉండబట్టలేక సైకిల్ తీశాడు.

ఆమె అరుగు మీదే ఉంది. పక్కన రెండు గ్లాసులు, మూతపెట్టిన టీ గిన్నె.

అతనికి ప్రాణం లేచొచ్చింది. "ఫోన్ చెయ్యలేదేం టీచరమ్మా?"

"ఏమని చెయ్యను నాయనా? పోయినసారి వెళ్తూ వెళ్తూ వాల్వు మళ్లీ బిగించడం మర్చిపోయావు. కుళాయి ధారగా పోస్తుంటే నన్ను అబద్ధం ఆడమంటావా?"

టీ పోసి గ్లాసు చేతికిచ్చింది.

"ఇవాళైనా గుర్తుపెట్టుకుని బిగించి వెళ్లు."