కుడి అడుగు

"పరిగెత్తు మాయా! ఇంకో రౌండే!"

బెంచీ మీద కూర్చున్న స్నేహలత కేక ఇంగ్లండులో, కోవెంట్రీలోని ఆ యూనివర్సిటీ గ్రౌండంతా వినిపించింది.

అదే బెంచీకి ఆ చివర ఒక ముసలాయన కళ్లు మూసుకుని కూర్చున్నాడు. కునుకు తీస్తున్నాడనుకుంది.

"ఇప్పుడు మన ముందు నుంచి వెళ్లింది మీ పాపేనాండీ?" అన్నాడాయన తెలుగులో.

"అవునంకుల్. వచ్చే శనివారం ఫైనల్స్."

"పరిగెత్తనివ్వకండమ్మా. కుడి అడుగు బరువు మొయ్యట్లేదు. ఎముకలో ఏదో ఉంది."

స్నేహలతకు ముందు నవ్వొచ్చింది. తర్వాత కోపమొచ్చింది.

"నేను ఎముకల డాక్టర్ని అంకుల్. ఇక్కడి హాస్పిటల్లో పద్దెనిమిదేళ్లుగా చేస్తున్నాను."

"ఆయ్. అయితే మరీ మంచిదండి. ఒక్క స్కాన్ తీయించండి."

"అసలు మీరు దాని పరుగు చూశారా? నేనొచ్చినప్పట్నుంచీ కళ్లు మూసుకునే ఉన్నారు!"

"చూడలేదమ్మా" అన్నాడాయన నెమ్మదిగా.

ఆమె విసురుగా లేచి అవతలి బెంచీకి వెళ్లిపోయింది.

ఇంటికి వెళ్తుంటే కారులో మాయ కుడి మోకాలి కింద నొక్కుకుంటూ అంది: "మమ్, మై షిన్స్ ఎ బిట్ సోర్."

"ఐస్ పెట్టుకో, తగ్గిపోతుంది."

ఫైనల్స్‌లో చివరి మలుపు దాకా మాయే ముందుంది. అక్కడ కుప్పకూలిపోయింది.

స్కాన్‌లో కుడి కాలి ఎముక మీద పగులు కనిపించింది. కొత్తది కాదు. మొదట సన్నగా మొదలై, ఆ పరుగుతో బాగా విచ్చుకుంది.

స్నేహలత ఆ స్కాన్‌ని మళ్లీ మళ్లీ పెద్దది చేసి చూసింది. ఒకే ఇంట్లో ఉండి, ఇదే వృత్తిగా బతుకుతున్న తనకు తెలియనిది, దారినపోయే మనిషికి ఎలా తెలిసింది?

మూడు శనివారాలు ఆయన కోసం గ్రౌండుకు వెళ్లింది. కనిపించలేదు. నాలుగోసారి ఆ బెంచీ మీద ఒకావిడ ఒంటరిగా కూర్చుని ఉంది.

"ఇక్కడ ఒక పెద్దాయన కూర్చునేవారు..."

"మా నాన్నగారండి. సుబ్బరాజు గారు. నేను శ్రీవల్లిని." ఆమె పక్కకు జరిగి చోటిచ్చింది. "జబ్బుచేసి ఆయన పోయి పన్నెండు రోజులైందండి."

స్నేహలత ఆమె పక్కన కూర్చుంది. జరిగిందంతా చెప్పింది. శ్రీవల్లి ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"భీమవరం దగ్గర ఒక కాలేజీలో ఆటల కోచ్‌గా చేశారండి, ముప్పై నాలుగేళ్లు. ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లలు తొమ్మిది మంది దేశం తరఫున పరిగెత్తారు. మొదట్లో ఒకసారి ఉద్యోగం తీసేస్తామంటే, పిల్లలంతా ఎండలో గ్రౌండులో కూర్చుని, మాకీయనే కావాలన్నారంట."

"అంతటి మనిషిని తీసేయడమేంటండీ?"

"చేరిన రెండో ఏడే రెండు కళ్లూ పోయాయి కదండీ" అంది శ్రీవల్లి. "ఆ తర్వాత నేర్పిందంతా అడుగుల చప్పుడు వినేనండి."