పర్శరాములు పరుగు

తండ్రి పొద్దున్నే బూట్లు తొడుక్కుంటుంటే హనుమండ్లుకు ఒళ్ళు మండిపోయింది.

తెల్ల కాన్వాసు బూట్లు. మంచిర్యాల బజారులో ఏరి ఏరి కొనుక్కొచ్చాడు పర్శరాములు. యాభై ఆరేళ్ళ మనిషి. ఎడమ తుంటిలో ఉన్నది ఎముక కాదు, ఇనుప గుండు. రెండేళ్ళ కింద బొగ్గుబాయిలో పైకప్పు పెళ్ళ విరిగి మీద పడింది. హైదరాబాదు తీసుకెళ్ళి ఆపరేషన్ చేసి కీలు మార్చారు.

అలాంటి మనిషి పరుగెత్తుతానంటున్నాడు.

తండ్రి ఇక పనికిరాడని డాక్టర్లు రాసిస్తే ఆ ఉద్యోగం కొడుక్కి దొరికే రోజులవి. హనుమండ్లుకు ఇరవై ఎనిమిది నిండాయి. డిగ్రీ రెండుసార్లు తప్పాడు. చొప్పదండి సంబంధం వాళ్ళు "కొలువు రానియ్యి, లగ్గం పెట్టుకుందాం" అంటూ ఏడాది గడిపారు. తండ్రి రిటైరయ్యే రోజు దగ్గరపడితే ఆ దారీ మూసుకుపోతుంది. మహా అయితే ఇంకో ఏడాది.

కార్తీకంలో ముగ్గురు డాక్టర్లు కూచుని పర్శరాములును పరీక్ష చేశారు. బాయిలో దిగలేడు కానీ పైన దీపాలిచ్చే లాంపుల గదిలో పని చేసుకోగలడని రాశారు. మర్నాడే పర్శరాములు బూట్లు కొన్నాడు.

"డాక్టరు దినాం ఉరుకుమన్నడు. బొక్క గట్టిపడ్తదట," అన్నాడు భార్య ఐలవ్వతో. "మళ్ళ బాయిల దిగుత, సూడు."

మొదటి రోజు పదడుగులు వేసి కరెంటు స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. నెల తిరిగేసరికి కాలనీ దాటాడు. మాఘం నాటికి లక్సెట్టిపేట రోడ్డు మీద మోరీ వంతెన దాకా పోయి వస్తున్నాడు. లారీల వాళ్ళు హారన్ కొట్టి నవ్వేవారు. చాయ్ హోటల్ దగ్గర హనుమండ్లు కనబడితే చాలు, ఎవరో ఒకరు అనేవారు.

"మీ బాపు ఇంకో ఇరవై ఏండ్లు కొలువు జేసెటట్టున్నడు గదరా!"

హనుమండ్లు ఒక చోట కూచోలేకపోయేవాడు. ఇంట్లోంచి హోటలుకు, హోటలు నుంచి రైల్వే గేటుకు, అక్కణ్ణించి మళ్ళీ ఇంటికి. అన్నం ముందు కూచుంటే ముద్ద దిగేది కాదు. కళ్ళు మూసుకుంటే రోడ్డు మీద బూట్ల చప్పుడే వినిపించేది.

ఒకరోజు రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు.

"బాపూ, నువ్వు గిట్ల ఉరికితె డాక్టర్లు ఏమని రాస్తరు? నేనేం గావాలె?"

పర్శరాములు రొప్పుతూ ఆగాడు. చెమట కళ్ళలోకి కారుతోంది.

"జర జరుగు బిడ్డా. ఎండ పడ్తది."

"నా బతుకు మీద నీకు ఫికరే లేదు!"

తండ్రి పక్కనుంచి తప్పుకుని పరుగు అందుకున్నాడు.

ఆ సాయంత్రం హనుమండ్లు బూట్లు తీసుకెళ్ళి రైలు కట్ట అవతల మురికి గుంటలో విసిరేశాడు. పొద్దున్నే పర్శరాములు ఇల్లంతా వెతికాడు. కొడుకు ముఖం వంక ఒకసారి చూశాడు. తిట్టలేదు. ఉత్త కాళ్ళతో కంకర రోడ్డు మీదికి దిగాడు.

"నువ్వొక తండ్రివేనా?" అని ఐలవ్వ వెనకనుంచి అరిచింది. "కన్న కొడుకుతోని పంతమా?"

ఎండలు ముదిరాక పరుగు తీరు మారింది. ఎడమ కాలు ఈడ్చుకొస్తున్నాడు. మంచం మీద నుంచి లేవడానికి గోడ పట్టుకుంటున్నాడు. ఐలవ్వ నూనె కాచి రాస్తుంటే పంటి బిగువున పడుకునేవాడు. "నొస్తుందా?" అంటే "ఉరికితె నొయ్యదా మరి?" అనేవాడు. తెల్లవారితే మళ్ళీ రోడ్డు మీదే.

తండ్రి కుంటు చూసి హనుమండ్లు లోపల ఆశ పడ్డాడు. ఆశ పడ్డందుకు తన మీద తనకే రోత పుట్టింది. ఆ రెంటి మధ్య నిద్ర లేకుండా పోయింది.

వైశాఖంలో పర్శరాములు తనే దరఖాస్తు పెట్టుకున్నాడు, మళ్ళీ పరీక్ష చేయమని. "బాయిల దిగుడు ఖాయం," అన్నాడు ఇంట్లో.

తోడు పొమ్మని తల్లి పోరితే హనుమండ్లు వెళ్ళాడు. ఆసుపత్రి వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూనే ఉన్నాడు. లోపల ఎక్స్‌రే తీశారు. గంట గడిచింది. పర్శరాములు గోడ పట్టుకుని బయటికొచ్చి కొడుకు చేతిలో కాగితం పెట్టాడు.

ఇక ఏ పనికీ పనికిరాడని రాసి ఉంది.

"ఓడిపోయిన బిడ్డా," అన్నాడు పర్శరాములు. "ఇగ కొలువు నీదే." బెంచీ మీద కూలబడి కళ్ళు మూసుకున్నాడు.

హనుమండ్లు గుండె గంతులేసింది. ఆ వెంటనే తండ్రి కాలు కంటబడింది. బెంచీ కింద వంకరగా వేలాడుతోంది. ఆరు నెలల తర్వాత మొదటిసారి తండ్రి మీద జాలి కలిగింది.

కార్తీకంలో చూసిన ఎముకల డాక్టరు అప్పుడే బయటికొస్తున్నాడు. హనుమండ్లు ఎదురెళ్ళి దండం పెట్టాడు.

"సార్, మీరు జెప్పినట్టే మా బాపు దినాం ఉరికిండు. ఒక్కనాడు తప్పలే. గట్లెట్ల ఖరాబైంది సార్?"

డాక్టరు కళ్ళజోడు తీసి అతని వంక వింతగా చూశాడు.

"పరుగెత్తితే ఆర్నెల్లలో కీలు ఊడిపోతుంది, ఒక్క అడుగు కూడా పరుగెత్తొద్దని నేనంటే, 'ఆర్నెల్లేనా సారూ, పక్కానా?' అని మీ నాన్న రెండుసార్లు అడిగి మరీ పోయాడే!"