పై అంకె, కింది అంకె

“నూట యాభై రెండు, డెబ్బై ఆరు,” అంది సుమన, స్టెతస్కోపు చెవుల్లోంచి తీస్తూ.

పాఠం చెప్పే విజయశ్రీ తన కార్డు చూసుకుంది. అదే మనిషికి బీపీ చూసి తను కార్డు మీద రాసింది నూట ముప్పై ఆరు, తొంభై. ఆ మనిషి వాచ్‌మన్ మొండయ్య. పాపం, పొద్దుట్నుంచీ పిల్లలందరికీ చెయ్యి అప్పగించి కూర్చున్నాడు.

“మల్ల తప్పే! ఏందే సుమనా, ఎన్నిసార్లు చెప్పాలె? చప్పుడు మొదలైన కాడ పై అంకె, ఆగిపోయిన కాడ కింది అంకె. గంతే గద!”

“నాకు గట్లనే ఇనబడ్డది మేడం.”

“ఏందీ? జర నా దిక్కు చూసి గట్టిగ మాట్లాడు. నోట్లనే గొణుగుతవు.”

నర్సింగ్ అసిస్టెంట్ కోర్సులో ఇరవై ఇద్దరు పిల్లలు. మేడం అంకెకు అటొకటి ఇటొకటిగా అందరూ గడగడా చెప్పేస్తారు. మేడం కార్డు ఎలాగూ బల్ల మీదే ఉంటుంది. సుమన ఒక్కతే ఏ రోజు చూడు, పై అంకె ఎక్కువ చెబుతుంది, కింది అంకె తక్కువ చెబుతుంది. వెనకబడ్డ పిల్లల కోసం విజయశ్రీ ఒక పుస్తకం పెట్టింది. అందులో ఒక్కో పేరే కొట్టేస్తూ వస్తే, ఆరు వారాలకు సుమన పేరు మిగిలింది. మధ్యాహ్నం అన్నాలు మానుకుని నేర్పింది, తాముండే బమ్రోలిలో గల్లీ ఆడవాళ్లందరి చేతులకూ బీపీ పట్టీ కట్టించింది. ఊహూఁ, లాభం లేకపోయింది.

ప్రిన్సిపాల్ భాగీరథీబెన్ పుస్తకం తిరగేసి హిందీలో తేల్చి చెప్పేసింది. “సోమవారం వీళ్లు ఆస్పత్రి వార్డుకు వెళ్లాలి. అక్కడ బీపీ తప్పు రాస్తే రోగి ప్రాణం మీదికొస్తుంది. ఈ అమ్మాయి పేరు శనివారం తీసేస్తున్నాను.”

“పిల్ల మొద్దు కాదు బెన్! చెవుల్లోనే ఏదో లోపం ఉంది. పుట్టినప్పటి నుంచీ మరమగ్గాల చప్పుడులో పెరిగింది.”

“అయితే పరీక్ష చేయించి కాగితం తెండి. చప్పుడు పెంచి వినిపించే స్టెతస్కోపు తెప్పిస్తాను, నెల గడువిస్తాను. చెవులు బాగున్నాయంటే మాత్రం నేనేం చెయ్యలేను.”

మరమగ్గాల సంగతి విజయశ్రీకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇరవై ఆరేళ్ల కిందట సిరిసిల్ల నుంచి ఈ గుజరాతీ ఊరికి కోడలిగా వచ్చింది. ఇంటి కింద భర్త సదానందం మగ్గాలు ఎనిమిది, పైన కాపురం. వచ్చిన కొత్తలో తల పగిలిపోయేది. తర్వాత తర్వాత ఆ మోత ఉన్నట్టే తెలియలేదు. సుమన వాళ్లది రెండు గల్లీల అవతల అలాంటి ఇల్లే. తండ్రి బిక్షపతి మగ్గం మీద నిలబడి, కూతురు తెల్ల కోటు వేసుకునే రోజు కోసం ఎదురు చూస్తున్నాడు.

శనివారం ఇద్దరూ ఆటో ఎక్కారు.

“మేడం, మీ ఫోను మోగుతున్నది.”

“ఈ ట్రాఫిక్‌ల ఏం ఇనబడ్తది!” విజయశ్రీ సంచిలో వెతికి ఫోను తీసింది. భాగీరథీబెన్. నాలుగింటికల్లా కాగితం కావాలట. మూడు కావస్తోంది.

“భయపడకు బిడ్డా. లోపం ఉంటే సిగ్గేం లేదు.”

“నాకు మంచిగనే ఇనబడ్తది మేడం. చిన్నప్పటి సంది మా అమ్మ చెవులల్ల దూది పెట్టేది.”

“వినబడనోళ్లకు, వినబడ్తలేదని తెల్వదే పిచ్చిదానా!”

చెవుల డాక్టరు దగ్గర పరీక్ష చేసే అమ్మాయి సుమనను అద్దాల గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు తగిలించింది. “సన్నటి బీప్‌లు ఇరవై వస్తాయి. మామూలు చెవులకు అన్నీ వినపడాలి. వినపడినప్పుడల్లా చెయ్యెత్తు,” అని చెప్పి, బయటికొచ్చి మిషన్ ముందు కూర్చుంది.

విజయశ్రీ చేతులు జోడించింది. ఈ పిల్ల చెయ్యి ఎత్తకుండా చూడు తండ్రీ, అని మొక్కుకుంది. ఏ టీచరైనా ఇలా మొక్కుకుంటుందా!

మిషన్ మీద పచ్చ దీపం ఎప్పుడు వెలిగితే అప్పుడు లోపల సుమన చెయ్యి లేచింది. ఒక్కటీ తప్పలేదు.

“ఇరవైకి ఇరవై. చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయి,” అందా అమ్మాయి.

విజయశ్రీ కూలబడింది. అంత మంచి వార్త చెబుతుంటే ఏడుపు ముంచుకొచ్చింది. “అంటే ఇన్ని రోజులు నోటికొచ్చిన అంకె చెప్పినవా నాకు?”

“లేదు మేడం, ఒట్టు!” సుమన వెక్కి వెక్కి ఏడ్చింది. “మిగతా పిల్లల తీరు మీ కార్డు సూసి చెప్పనైతే చెప్పలె. నాకు ఇనబడ్డదే చెప్పిన.”

గోడ మీద గడియారం మూడున్నర చూపిస్తోంది. విజయశ్రీ కళ్లు తుడుచుకుని దిగ్గున లేచింది. “ఈ మిషన్‌లోనే ఏదో తేడా ఉంది. అందరికీ ఇరవైకి ఇరవై వచ్చేట్టుంది. నన్ను కూర్చోబెట్టి చూడండి!”

ఆ అమ్మాయి వద్దనలేదు. విజయశ్రీ అద్దాల గదిలో కూర్చుని, హెడ్‌ఫోన్లు చెవులకు గట్టిగా అదుముకుని, చెయ్యెత్తడానికి సిద్ధంగా ఉంది. ఎదురుగా మిషన్ వెనక భాగమే కనిపిస్తోంది. ఒక నిమిషం గడిచింది. రెండు, మూడు. ఒక్క బీప్ లేదు. అద్దం అవతల సుమన ఏడుపు మానేసి, నోరు తెరుచుకుని ఆమెనే చూస్తోంది.

విజయశ్రీకి పోయిన ప్రాణం లేచొచ్చింది. మిషన్ పాడైపోయింది! ఇంకో చోట పరీక్ష చేయించొచ్చు, బెన్‌ను ఇంకో రెండు రోజులు ఆపొచ్చు, పిల్ల చదువు నిలబడుతుంది. హెడ్‌ఫోన్లు తీసి నవ్వుతూ బయటికొచ్చింది.

“నేను చెప్పలేదూ! అసలు మొదలే కాలేదు కదమ్మా మీ మిషన్?”

“ఇరవై బీప్‌లూ అయిపోయాయి, మేడం.”