నీళ్లమందు

“గోడకి రాయకు! ఎన్నిసార్లు సెప్పాలే నీకు?”

నీలవేణి కేకకు ఆరేళ్ల వెన్నెల గోడ వదిలి అడుగు ముందుకు జరిగింది. గౌను వెనకంతా ఎర్రమట్టి. దోమ కుట్టిన చోటికి చెయ్యి అందకపోతే గోడకు వీపు రుద్దుకోవడం ఆ పిల్ల కనిపెట్టిన వైద్యం. కొత్త కొర్రలు వండుకునే కొర్రకొత్త పండక్కి ఊరంతా కొత్త మట్టి అలుకుతో మెరిసిపోయింది. ఈ ఇంటి గోడ మాత్రం అప్పుడే పాతబడింది.

“దురదమ్మా!”

“గోకితే పుండవుద్ది. రా ఇలాగ.”

తడిగుడ్డ వేసింది. ఉన్నంతసేపు హాయి, తీయగానే మళ్లీ మొదలు. వేపాకు, పసుపు నూరి రాసింది. ఒంటిసబ్బు తడిపి దద్దుర్ల మీద రుద్దింది. ఆస్పత్రిలో ఇచ్చిన గులాబీరంగు మందు ఎప్పుడో అడుగంటింది. ఊళ్లో ముప్పై గడపల్లోనూ ఇదే వరస. పొద్దుగూకితే చప్పట్లు, తెల్లారితే గోకుడు.

దోమలు కొత్త కాదు. కానీ ఊళ్లో దోమలమందు కొట్టి ఇంకా పదిహేను రోజులు కాలేదు. కొట్టింది రవిబాబు, నీలవేణి సొంత తమ్ముడు. తల్లి పోయాక వాణ్ని వీపున కట్టుకుని తిరిగింది ఆమే. మందు కొట్టే జట్టులో చేర్చుకోమని కనపడిన వాళ్లందరినీ బతిమాలిందీ ఆమే.

ఊరి పెద్ద సోమన్న మోచెయ్యి గోక్కుంటూ వాకిట్లోకి వచ్చాడు.

“ఏటి నీలవేణీ, మీ తమ్ముడు మందు కొట్టేడా, నీళ్లు సల్లేడా?”

“ఆడలాటోడు కాదు సిన్నాన్నా.”

“మరి దోమలెందుకున్నాయి? ఆ మందు ప్యాకెట్లు మిరపతోటలోళ్లు ఎగబడి కొంతారంట. ఆడి సేతిలో కొత్త ఫోను సూసేవా?”

చూసింది. ఎక్కడిదని అడగలేదు. మందు కొట్టి వెళ్లిన వాడు పక్క ఊళ్లలో పనుందని పండక్కి కూడా రాలేదు. కొత్త కొర్రల అన్నం తమ్ముడి వాటా తీసి మూత పెట్టి, చివరికి కోళ్లకు వేసింది. ఇప్పుడు అన్నీ కలిపి చూస్తే ఆమెకు సోమన్న మాటే నిజమనిపించింది.

మర్నాడు పిల్లను తీసుకుని జీపెక్కింది. దిగువ ఊళ్లో రవిబాబు భుజాన పంపు తగిలించుకుని పనిలో ఉన్నాడు. మేనకోడల్ని చూడగానే మొహం విప్పారింది.

“ఏటే గుంటా! మావకోసమొచ్చేవా?”

నీలవేణి పిల్లను వెనక్కి తిప్పి గౌను పైకెత్తింది. వీపు నిండా ఎర్రటి దద్దుర్లు.

“నివ్వు కొట్టిన మందు ఇదీ! సూడు.”

రవిబాబు వంగి దద్దుర్లు చూసి, అక్క వైపు తిరిగాడు.

“ప్యాకెట్టు నీ ముందరే కోసేను కదప్పా. నీ ముందరే కలిపేను.”

“అందులో ఏటుందో నాకేటి తెలుసు? మరి దోమలెలగొచ్చినాయి?”

“అదే నాకూ తెల్డం లేదప్పా.”

పంపు దించి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, ఊటనీళ్లలో కొత్త తువ్వాలు తడిపి తెచ్చి పిల్ల వీపు మీద పరిచాడు. మెల్లగా ఊదాడు. వెన్నెల గోకడం మానేసి కిలకిలా నవ్వింది. నీలవేణి ఆ తువ్వాలు లాగి వాడి మీదికే విసిరింది. తప్పు చేసినవాడే ఇలా బుజ్జగిస్తాడనుకుంది.

ఆ సాయంత్రమే రవిబాబు మీద ఫిర్యాదు కాగితం తయారైంది.

“మొదటి సంతకం నీదే ఉండాలి. సొంత అప్పే రాసిందంటే ఆపీసరు ఇంకేటీ అడగడు,” అన్నాడు సోమన్న.

రాత్రి పిల్ల గోకుడుకి ఆమెకు నిద్రలేదు. ఆ మంట మీదే సంతకం పెట్టింది.

రెండో రోజుకే రవిబాబును తీసేశారు. వాడు ఫోన్ చేశాడు.

“నివ్వు కూడా రాసేవా అప్పా?”

ఆమె నోరు తెరిచేలోపే పెట్టేశాడు. సంచీతో రైలెక్కుతుంటే అరకు స్టేషన్లో ఎవరో చూశారట. ఎక్కడికో తెలీదు. ఎన్నిసార్లు చేసినా ఫోన్ కలవలేదు. నీలవేణి పొయ్యి ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. పెంచిన చేతులకే ఇంత ద్రోహం చేస్తాడా? కన్నబిడ్డలా చూసుకున్నందుకు వీడిచ్చింది దద్దుర్లా?

వారం తిరక్కుండా గణపతిరావు అనే సూపర్‌వైజరు కొత్త జట్టుతో వచ్చాడు. పార్వతీపురం మనిషి, ఈ కొండలకు కొత్త. మొదట నీలవేణి ఇంటికే వచ్చి, టార్చి వేసి నాలుగు గోడలూ పైనుంచి కిందిదాకా చూశాడు. గుమ్మంలో సోమన్న నిలబడ్డాడు.

“మందు కొట్టిన గోడ మీద తెల్లటి మరకలుంటాయమ్మా. రెండు మూడు నెలలు పోవు. మందు పనిచేసేది గాలిలో కాదు, ఆ మరకల్లోనే. దాని మీద వాలిన దోమే చస్తుంది.”

“అలగా బాబూ?” అంది నీలవేణి.

“మరి మీ ఇంట్లో ఒక్క మరకైనా ఉందా? దారిలో పది ఇళ్లు చూశాను. ఎక్కడా లేదు. మీ తమ్ముడు కొట్టింది ముమ్మాటికీ నీళ్లే.”

“నానప్పుడే సెప్పేను,” అన్నాడు సోమన్న.

“తమ్ముడని చూడకుండా సంతకం పెట్టావు. మంచి పని చేశావమ్మా.”

నీలవేణి గోడ వైపే చూస్తూ ఉండిపోయింది. అమ్మను మెచ్చుకుంటున్నారని వెన్నెలకు మహా సంబరమైంది. గోడకు వీపు రుద్దుకోవడం ఆపి సూపర్‌వైజరు దగ్గరికి పరిగెత్తింది.

“ఆ తెల్ల మరకలన్నీ పండక్కి మా అమ్మే అలికేసింది!”