రెండు చేతుల బొమ్మ

“ఇంకొక్క గీత గియ్యి,” అన్నాడు భర్త, తెల్లకాగితం ఆమె ముందుకు జరుపుతూ.

“పొద్దుటినుంచీ గీస్తూనే ఉన్నాను కదండీ.”

“అవన్నీ ఊపిరి బిగబట్టి గీసినవి. మామూలుగా గియ్యి.”

ఆమె మణికట్టును బల్లకి ఆనించకుండా పెన్ను కదిపింది. గీత బయల్దేరిన చోటునుంచి ఆగిన చోటుదాకా సన్నగా వణుకుతూనే పోయింది. అతను తడి ఆరేదాకా దాన్ని ఊదుకుంటూ స్కానర్ దగ్గరికి పట్టుకుపోయాడు. పరీక్షకి రక్తం ఇచ్చిన రోగిలా ఆమె అక్కడే కూర్చుండిపోయింది.

వాళ్ళిద్దరూ పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తారు. ఇళ్ళూ చెట్లూ మబ్బులూ అతనివి, మనుషులూ కుక్కలూ పిల్లులూ ఆమెవి. పెళ్ళయిన కొత్తలో చేసుకున్న పంపకం అది. పోట్లాడుకుని ముఖాలు మాడ్చుకున్న రోజుల్లో కూడా అతను గీసిన బెంచీ మీద ఆమె గీసిన ముసలాయన హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చునేవాడు. ఎవరి గీత ఎక్కడ ఆగిందో, ఎవరిది ఎక్కడ మొదలైందో ఎంత కళ్ళు చికిలించి చూసినా తెలిసేది కాదు. పేజీ కింద ఇద్దరికీ కలిపి ఒకటే సంతకం.

ఇప్పుడు తెలిసిపోతోంది. డాక్టరు మందులైతే రాశాడు గానీ చేతి వణుకు తగ్గుతుందని మాత్రం మాట ఇవ్వలేదు. ఆమధ్య పుస్తకాల సంస్థ సంపాదకురాలు ఫోను చేసింది.

“అమ్మా, ఏమీ అనుకోవద్దు. ఒకే బొమ్మలో ఇద్దరి చేతులూ విడివిడిగా కనిపిస్తున్నాయి. రెండు గీతలూ కలవాలి. లేదంటే ఈసారికి ఆయనొక్కరే...”

మిగతా మాట ఆమె లోపలే పూర్తి చేసుకుంది. భర్తకి చెబితే అతను గడ్డం గోక్కుని, “కలవాలి అంది కదా, కలుపుదాం. దానికి కంప్యూటర్లో బొమ్మలు గీసే ఒక బ్రష్ తయారుచేస్తాను,” అన్నాడు.

అంతే, ఆ రోజునుంచి కంప్యూటర్‌కి అతుక్కుపోయాడు. అన్నం దగ్గర కూడా అదే గోల.

“మూడు సాఫ్ట్‌వేర్లు కలిస్తేగానీ ఈ బ్రష్ తయారవదు. ఒకటి కాగితం మీది మచ్చలు కడిగేసి గీతను మిగులుస్తుంది. ఇంకోటి దాని అంచులు కత్తిరించి ఆకారం తీస్తుంది. మూడోది ఆ ఆకారాన్ని బ్రష్ మొనగా పెట్టుకుని రంగు పూస్తుంది. తోడికోడళ్ళే అనుకో! ఒకరు వండింది ఇంకొకరు ముట్టరు. నేను మధ్యలో చస్తున్నాను.”

ఇదివరకైతే ఆమె పడీపడీ నవ్వేది. ఇప్పుడు కంచం తీసుకుని లేచిపోయింది.

వణుకొచ్చినందుకు కాదు ఆమె దిగులు. వయసన్నాక ఒళ్ళు ఏదో ఒకటి అడక్క మానదు. తన చేతిని యంత్రంతో దిద్దించుకోవలసి రావడం, ఆ దిద్దేది కట్టుకున్నవాడే కావడం ఆమెకి మింగుడుపడలేదు. ఒకే కప్పు కింద ఉంటూ ఆ గదిలో ఆయన, ఈ గదిలో తను. తన బల్ల మీద ధూళి పేరుకుంటున్నా ఆమెకి తుడవబుద్ధి కాలేదు.

చెల్లెలు ఫోను చేసినప్పుడు మాత్రం అంతా చెప్పుకోకుండా ఆగలేకపోయింది.

“బావ నీకోసమేగా అంత కష్టపడుతున్నాడు, అక్కా! వణుకు పోయి గీత తిన్నగా వస్తే మంచిదేగా?”

“అప్పుడది నా గీత ఎలా అవుతుందే? గీసేది కంప్యూటరు. నేను ఊరికే చెయ్యి ఊపుతాను.”

“నువ్వు మరీను. కళ్ళజోడు పెట్టుకున్నంత మాత్రాన చూపు నీది కాకుండా పోతుందా?”

ఆమె ఫోను పెట్టేసింది. తనకి తప్ప లోకంలో అందరికీ ఇది మంచి సంగతే కాబోలు అనుకుని, చాలాసేపు ఒంటరిగా కుమిలింది.

ఆ మధ్యాహ్నం పక్కగదిలోంచి భర్త గొంతు పెద్దగా వినిపించింది. స్నేహితుడెవరితోనో మాట్లాడుతున్నాడు.

“దొరికింది గురూ! వణుకు ఎక్కడ ఎక్కువో, ఎక్కడ తక్కువో, మలుపు దగ్గర ఎలా ఉంటుందో మొత్తం పట్టేశాను. ఇంకెక్కడికి పోతుంది?”

దొంగని పట్టుకున్నవాడి సంబరం అది.

“ఇలా రా, అయిపోయింది!” అని అతను కేకేశాడు. ఆమె గుమ్మం దాటి లోపలికి రాలేదు.

“ఈ పుస్తకం మీరే వేసుకోండి. మనుషుల్ని కూడా మీరే వెయ్యండి. సంతకంలోంచి నన్ను తీసెయ్యండి.”

“అదేంటి?”

“నా చెయ్యి వణుకుతోందని నాకు తెలుసు. దాన్ని దాచిపెట్టి, ఇస్త్రీ చేసి, ఇదిగో మా ఆవిడ గీత అని నలుగురికీ చూపించకండి. ఆ నున్నటి గీతకంటే నేను మానేయడమే నయం.”

“ఇస్త్రీ ఏంటి?” అతను తెల్లమొహం వేశాడు. “ముందు వచ్చి చూడు. ఆ తర్వాత మానేద్దువుగాని.”

తెర మీద ఆమె వేసిన పాప ఉంది. సంపాదకురాలు తిప్పి పంపిన బొమ్మే. జుట్టూ గౌనూ చేతులూ అన్నీ వణికే గీతలే, ఒక్కటీ దిద్దలేదు. చుట్టూ అంతా ఖాళీ. ఇల్లూ చెట్లూ ఉన్న తన వంతంతా అతను చెరిపేసినట్టున్నాడు.

ఆమె కళ్ళు తుడుచుకుంటూ తెర మీద గీసే పెన్ను కోసం చెయ్యి చాచింది. అతను ఇవ్వలేదు. కొత్త బ్రష్ ఎంచుకుని, ఇన్నేళ్ళలో ఒక్కసారీ తడబడని తన చేత్తో, పాప తల మీదుగా ఒక ఇంటికప్పు గీశాడు.

కప్పు గీత అచ్చం ఆమె గీతలా వణికింది.